హనన్యా రెండేళ్లు, యిర్మీయా డెబ్బై ఏళ్లు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మన సంఘాల్లో వాగ్దాన కార్డులు తీయడం మామూలే. పళ్లెంలో బోర్లా పేర్చిన, ఒక్కోదాని మీద ఒక బైబిల్ వచనం ఉన్న చిన్న కార్డులు. ఎవరిది వాళ్లు తీసుకుని, తిప్పి చదువుకుని, పక్కవాళ్లకి ఏమొచ్చిందో కూడా తొంగి చూసి, ఇంటికెళ్లి బీరువా తలుపుకి అంటించుకుంటాం. ఆ పళ్లెంలో ఏ ఏడూ తప్పనిది యిర్మీయా 29:11. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలై, అవి సమాధానకరమైన ఉద్దేశాలే గానీ హానికరమైనవి కావు అని చెప్పే వచనం. వీసా ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికీ అదే, డీఎస్సీ రాసే అమ్మాయికీ అదే. ఎన్నికల ముందు నెలలో వాట్సాప్ స్టేటస్‌లన్నిటా కూడా అదే.

ఆ వచనం వచ్చేది ఒక ఉత్తరంలో. క్రీస్తుపూర్వం 597 ప్రాంతంలో యెరూషలేము నుంచి బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం అది. రాజు పోయాడు, దేవాలయపు సామాన్లు పోయాయి. మళ్లీ ఇంటి ముఖం ఎప్పుడు చూస్తామా అని వాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లకి యిర్మీయా చెప్పిన మొదటి మాట: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. రెండో మాట ఇంకా చేదు. మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమం అన్నాడు. ఇక మన కార్డు మీది వచనానికి ఒక్క వచనం పైన డెబ్బై ఏళ్లు అని గడువు ఉంది. నలభై ఏళ్ల వయసులో ఆ ఉత్తరం విన్నవాడికి తన ఎముకలు బబులోనులోనే అని అక్కడికక్కడే అర్థమై ఉంటుంది. పదకొండో వచనంలోని నిరీక్షణని కళ్లారా చూసేది అతని మనవలు.

డెబ్బై కొట్టేసి, సమాధానం ఒక్కటే కార్డు మీద అచ్చేసుకున్నాం మనం. రాజకీయంగా గాలి ఎటు వీస్తుందో తెలియని ఈ రోజుల్లో మన నమ్మకంలోని చిక్కంతా నాకు ఆ కత్తిరింపులోనే కనిపిస్తుంది.

డెబ్బై ఏళ్లు అనకుండా రెండేళ్లు అన్న ప్రవక్త కూడా ఒకడున్నాడు. యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయంలో హనన్యా. దేవాలయంలో, యాజకుల ముందు, జనమంతా చూస్తుండగా, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, పోయిన సామాన్లూ పోయిన రాజూ తిరిగొస్తారు అన్నాడు. యిర్మీయా అప్పటికి మెడ మీద కొయ్య కాడి మోసుకు తిరుగుతున్నాడు, బబులోనుకి లొంగక తప్పదని చూపించడానికి. హనన్యా ఆ కాడి లాగి విరగ్గొట్టేశాడు. ఇవాళ ఏ కన్వెన్షన్ స్టేజీ మీదైనా అది జరిగితే చప్పట్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. కాడి విరగకముందు యిర్మీయా ఏమన్నాడో చూడండి. "ఆమేన్, యెహోవా ఆలాగున చేయునుగాక" అన్నాడు. అలా జరిగితే నాకూ సంతోషమే అన్నట్టు. అయినా సమాధానం చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతను దేవుడు పంపినవాడని తెలుస్తుంది అని గుర్తుచేశాడు. కాడి విరిగాక ఇంకేం మాట్లాడకుండా తన దారిన తాను వెళ్లిపోయాడు. దేవుడి దగ్గర్నుంచి కొత్త మాట వచ్చాకే తిరిగొచ్చాడు. హనన్యా ఆ ఏడే ఏడో నెలలో చనిపోయాడని గ్రంథం చెబుతోంది.

2023 నవంబర్‌లో తెలంగాణలో, 2024 మేలో ఆంధ్రాలో ఎన్నికలప్పుడు మన మధ్య హనన్యాలకి కొదవ లేదు. నేను వెళ్లిన ఒక ఉపవాస ప్రార్థనలో ప్రసంగీకుడు ఫలానా నాయకుడే మళ్లీ వస్తాడని దర్శనం చూశానన్నాడు. జనం హల్లెలూయ అన్నారు. పార్టీ పేరు అనవసరం. ఎదుటి పార్టీకీ అలాంటి దర్శనం చూసినాయన పక్క జిల్లాలో ఉన్నాడు. జూన్ 4 మధ్యాహ్నానికి ఇద్దరిలో ఒకరి ప్రవచనం పొల్లుపోయింది. ఆ ఆదివారం ఆ మాట ఎవరూ ఎత్తలేదు. "దేవుని చిత్తం" అని ఒక్క ముక్కలో తేల్చేసి పాటల పుస్తకం తీశారు. నెరవేరిందా లేదా చూడండి అని యిర్మీయా పెట్టిన పరీక్ష పెట్టే ఓపిక సంఘంలో ఎవరికీ లేదు.

నాకు కోపం వచ్చేది ప్రవచనం తప్పినందుకు కాదు. దర్శనం నమ్మి ప్రార్థించిన ముసలమ్మలున్నారు. ఫలితం చూశాక వాళ్లకి తగ్గింది నాయకుడి మీద నమ్మకం కాదు, దేవుడి మీద నమ్మకం. "మన ప్రార్థన దేవుడు వినలేదా అయ్యగారూ?" అని అడిగితే ఆయన ఏం చెబుతాడు? గెలుపోటముల మీద దేవుడి పేరు పెట్టి పందెం కాశాక, ఓడినప్పుడు పోయేది ఆ పేరే. "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు" అని 146వ కీర్తన చెబుతోంది. మనవాడని మనం అనుకునే రాజుకి అందులో మినహాయింపేమీ లేదు.

దీనికి విరుగుడు అనుకుని కొందరు రెండో కొసకి పోతారు. మనకెందుకండీ రాజకీయాలు, దేవుడు చూసుకుంటాడు, రోమా 13లో పై అధికారులకు లోబడమన్నాడు కదా అంటారు. వినడానికి భక్తిగానే ఉంటుంది. ఆ రోమా పత్రిక రాసిన పౌలే ఫిలిప్పీలో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 16లో ఉంది. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. తెల్లారాక అధికారులు, వాళ్లని వదిలేయండి, గుట్టుగా పొమ్మనండి అని కబురు పెట్టారు. పౌలు పోలేదు. మేం రోమా పౌరులం, విచారించకుండా బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అని కూర్చున్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. ఇంకోసారి కైసరు ఎదుటనే చెప్పుకుంటానని అప్పీలుకి వెళ్లాడు. రాత్రి సంకెళ్లలో పాటలు పాడినవాడే పొద్దున పౌరసత్వం గురించి నిలదీశాడు. దేవుడే చూసుకుంటాడులే అని చట్టాన్ని వదిలేసుకున్న మనిషి కాదు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. ఎందుకంటే రాజకీయ అనిశ్చితి అన్న పెద్ద మాట తెలుగు క్రైస్తవుడికి నిజంగా తగిలేది టీవీ చర్చల్లో కాదు, తహసీల్దారు ఆఫీసులో. కుల ధ్రువీకరణ పత్రం దగ్గర.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, షెడ్యూల్డ్ కులాల జాబితాతో. అందులో మూడో పేరా హిందూ మతం తప్ప వేరే మతం పాటించేవాళ్లని షెడ్యూల్డ్ కులం వాళ్లుగా లెక్కించకూడదంది. 1956లో సిక్కులని చేర్చారు, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమని సిఫార్సు చేసింది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. తీర్మానం కాగితం ఢిల్లీ వెళ్లింది, అంతే. ప్రస్తుతానికి ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకి మన రాష్ట్రాల్లో దక్కేది బీసీ-సీ, ఒక్క శాతం.

మాల పల్లెలో, మాదిగ పల్లెలో చర్చికి వెళ్లేవాడు బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో ఏం మారాడు? టీ కొట్టు దగ్గర అతని గ్లాసు మారలేదు. పొలం గట్టు మీద అతన్ని పిలిచే పిలుపు మారలేదు. చట్టం దృష్టిలో మాత్రం కులం జారిపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి చేసే మోసం అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనని కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసులో, మతం మారాక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా సరే అంది. ఆ తీర్పు వచ్చిన వారం చిన్న సంఘాల పాస్టర్ల టెన్షన్ దగ్గరుండి చూశాను. ఎవరి బీరువాలో ఏ కాగితం ఉందో వాళ్లకి తెలుసు.

2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. ఆదివారం పొద్దున గుంటూరు నుంచి తెనాలి దాకా బస్సెక్కి రోడ్డు పక్కన చూస్తూ వెళ్లినవాళ్లెవరికైనా ఆ అంకె సంగతి తెలుసు. ఇప్పుడు 2027 జనగణన వస్తోంది, ఈసారి కులం కూడా రాసుకుంటారట. మొన్న మా బంధువుల ఇంట్లో పెళ్లి మాటలయ్యాక, బీటెక్ చదివే కుర్రాడు సంఘ పెద్ద అయిన వాళ్ల బాబాయిని అడిగాడు:

"బాబాయ్, వాళ్లొచ్చినప్పుడు మతం దగ్గర ఏం రాయించాలి?"

"మీ నాన్న ఏం రాయించాడో అదే రాయించరా."

"నాన్న ఏం రాయించాడో నీకూ తెలుసుగా. మొన్న నువ్వేగా ప్రసంగంలో అన్నావు, మనుషుల ముందు నన్ను ఒప్పుకోనివాణ్ని నేనూ ఒప్పుకోనని."

బాబాయి కాఫీ తాగడం మొదలుపెట్టాడు. పిన్నిగారు వచ్చి టాపిక్ మార్చేశారు.

ఆ కుర్రాణ్ని వేదిక మీంచి వేషధారి అనడం చాలా తేలిక. ఆ పని చేసే బోధకుల పిల్లలు చాలామంది ప్రైవేటు కాలేజీల్లో ఫీజు కట్టి చదువుకున్నవాళ్లే. నా అభిప్రాయం ఏమిటంటే, నిజం చెప్పమనే సంఘం ఆ నిజానికయ్యే ఖర్చులో వాటా మొయ్యాలి. కుర్రాడు తహసీల్దారు ఆఫీసులో క్రైస్తవుడని రాయిస్తే అతని ఎస్సీ స్కాలర్‌షిప్ పోతుంది, ఉద్యోగంలో పోటీ మారిపోతుంది. కన్వెన్షన్‌కి పందిళ్లకీ మైకులకీ లక్షలు పోసే సంఘాలు ఆ ఫీజులో ఎంత కడతాయి? కట్టకుండా "దేవుడు నీకు దారి తెరుస్తాడు" అంటే, యాకోబు పత్రికలో ఒకడు బట్టల్లేని సహోదరుడితో చలి కాచుకో, తృప్తి పొందు అని పంపేసినట్టే. ఇంకోపక్క, మూడో పేరా అన్యాయం అని బాహాటంగా అడగాల్సింది కూడా ఆ సంఘమే. ఆదివారం హల్లెలూయ, సోమవారం తహసీల్దారు ఆఫీసులో హిందూ-మాల, మంగళవారం నుంచి ఏమీ తెలియనట్టు మౌనం. ఈ మౌనాన్ని నమ్మకం అని పిలవడానికి నాకు నోరు రాదు. భయం అంటే ఒప్పుకుంటాను. భయపడటం పాపం కూడా కాదు. దానికి నమ్మకం అని పేరు పెట్టుకోవడం దగ్గరే నా గొడవ.

మనకంటే ముందు ఈ నేల మీదే ఒకాయన ఇలాంటి లెక్క వేసుకున్నాడు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన సంఘస్తుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లే. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డులో భారత క్రైస్తవులకి కూడా ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది, అంటే క్రైస్తవులే ఓటేసి తమవాళ్లని ఎన్నుకునే సీట్లు. సంతోషించినవాళ్లున్నారు. అజరయ్య వద్దన్నాడు. సంఘం ఓట్ల లెక్కలు చూసుకునే ఒక కులంలా గిరి గీసుకుంటే అందరికీ సువార్త అన్న దాని పనే చెడుతుందన్నది ఆయన వాదన. అదే మనిషి, మతమార్పిడుల విషయంలో గాంధీ విమర్శించినా సువార్త పని ఆపలేదు. ఇటు పాలకుడి కానుక వద్దన్నాడు, అటు జాతీయ నాయకుడి మాటకీ తల ఊపలేదు. 1949లో రాజ్యాంగ సభ మతపరమైన రిజర్వు సీట్లు ఎత్తేసినప్పుడు, మైనారిటీల ఉపసంఘం అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, ఆయనా క్రైస్తవుడే, దాన్ని సమర్థించాడు. మత ప్రచారం చేసుకునే హక్కు మాత్రం 25వ అధికరణంలో నిలిచింది. వాళ్లు చేసింది తప్పని ఇవాళ వాదించేవాళ్లున్నారు. మూడో పేరా సంగతి చూస్తే ఆ వాదనలో పస లేకపోలేదు కూడా. నాకు నచ్చేది వాళ్ల లెక్క ఫలితం కంటే, ఆ రోజు వాళ్లకి ఫలితం తెలియదన్న సంగతి. దేశం ఏమవుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో, పొరుగువాణ్ని నమ్మి సంతకం పెట్టారు.

ఆ ధైర్యం పక్కన మనది పెట్టి చూసుకుంటే సిగ్గేస్తుంది. ఆంధ్రాలో పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం, తెలంగాణలో సర్కారు వారి క్రిస్మస్ విందు, కొన్నేళ్లు బట్టల పంపిణీ. తీసుకోవడం తప్పని నేననను. ఆ డబ్బు మన పన్నులదే, పల్లె పాస్టరుకి ఐదు వేలు చిన్న మొత్తమూ కాదు. కానీ విందు ముందు వరసలో కూర్చున్నాయన మర్నాడు ఏం మాట్లాడగలడు? 2023 మేలో మణిపూర్‌లో చర్చిలు తగలబడినప్పుడు వీధిలో కొవ్వొత్తి పట్టుకున్నవాళ్లలో మన స్టేజీ మీది దైవజనులు ఎంతమంది? 1967లో ఒడిశాతో మొదలైన మతమార్పిడి నిరోధక చట్టాలు 2025లో రాజస్థాన్ దాకా వచ్చాయి. ఏ ప్రభుత్వం వస్తే మన రాష్ట్రంలో ఏం జరుగుతుందో అని లోలోపల అందరికీ గుబులే. గుబులున్నప్పుడు ఐగుప్తు గుర్రాల వైపు, అంటే బలమైన పొరుగు రాజ్యపు సైన్యం వైపు, చూడటం యూదా రాజుల కాలం నుంచీ ఉన్న అలవాటు. యెషయా 31లో దానికి గట్టిగానే తిట్లున్నాయి.

మరి నమ్మకం అంటే ఏం చేయడం? యిర్మీయా 32వ అధ్యాయం నాకు పదే పదే చదవాలనిపిస్తుంది. యెరూషలేము చుట్టూ బబులోను సేన ముట్టడి దిబ్బలు వేస్తోంది. ఊళ్లో కరువు. పట్టణం పడిపోతుందని చెప్పినందుకు రాజైన సిద్కియా యిర్మీయాని కాపలాలో పెట్టించాడు. సరిగ్గా అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చాడు, అనాతోతులో నా పొలం ఉంది, కొనుక్కో అని. అనాతోతు అప్పటికి శత్రువు చేతిలో ఉన్నట్టే. మార్కెట్ విలువ సున్నా. పొలం అమ్ముకుని బయటపడాలని హనమేలు చూస్తున్నాడనుకుంటాను నేను, గ్రంథం ఆ మాట చెప్పలేదు లెండి.

యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయ పత్రం రాయించాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి చూసుకోవడానికి ఇంకో ప్రతి. రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలవాలి, మట్టి కుండలో పెట్టు అన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏ పత్రమూ తప్పిపోకుండా చూసుకునే మన తాతల పద్ధతే. ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ ఈ దేశంలో మళ్లీ కొంటారు అని దేవుడు చెప్పాడు కాబట్టి కొన్నాడు. అంతా అయ్యాక ప్రార్థనలో గోల పెట్టాడు: ముట్టడి దిబ్బలు చూడు, పట్టణం పోతోంది, నువ్వేమో పొలం కొనమన్నావు! సంతకం ముందు, అయోమయం తర్వాత. అయోమయం తీరాక సంతకం పెడదామనుకుంటే ఆ పొలం ఎవరూ కొనేవాళ్లు కాదు.

కొన్నందుకు రాజుకి ఇచ్చకాలూ చెప్పలేదు. లొంగిపో, లేకపోతే పట్టణం కాలిపోతుంది అనే చెప్పాడు. దేశద్రోహి అన్నారు. 38వ అధ్యాయంలో బురద గోతిలోకి దించారు. ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడు రాజుని అడిగి, తాళ్ల రాపిడికి చంకలు కోసుకుపోకుండా పాత చింకిబట్టలు కూడా కిందికి పంపి పైకి లాగాడు. ప్రవక్తని కాపాడింది పరదేశీ ఉద్యోగి. ఆ పొలంలో యిర్మీయా ఒక్క పంటైనా వేశాడని ఎక్కడా లేదు. తర్వాత అతన్ని ఐగుప్తుకి తీసుకుపోయారు.

మా ఊరి సంఘానికి సమాధుల దొడ్డి గొడవ ఒకటుంది. మూడు తరాలుగా అక్కడే పాతిపెడుతున్నాం. అడంగల్‌లో మాత్రం ప్రభుత్వ పోరంబోకు అని ఉంది. పక్క పొలం రైతు గట్టు జరుపుకుంటూ వస్తున్నాడు. ఎన్నికలకి ముందొక నాయకుడు పట్టా ఇప్పిస్తానన్నాడు, తర్వాత ఇంకో నాయకుడు అదే మాట అన్నాడు. ఇద్దరికీ శాలువాలు కప్పాం. ఇప్పుడు సంఘంలో ఇద్దరు కుర్రాళ్లు అర్జీ రాసి, పాత శిస్తు రసీదులూ, పాతిపెట్టినవాళ్ల పేర్లున్న సంఘ రిజిస్టరు నకళ్లూ జతచేసి, సర్వేయర్ చుట్టూ తిరుగుతున్నారు. పెద్దలకిది నచ్చలేదు. ఎమ్మెల్యేగారికి కోపమొస్తుందేమో, ప్రార్థన చేద్దాం, వేచి చూద్దాం అంటున్నారు.

ప్రార్థన చేద్దాం. ఎమ్మెల్యేగారి కోసం, ఓడిపోయినాయన కోసం, ఆ రైతు కోసం కూడా పేరు పెట్టి చేద్దాం, ఆ ఊరి క్షేమమే మన క్షేమం కాబట్టి. అర్జీకి మాత్రం రసీదు తీసుకోవాలి. గ్రామసభలో కుర్రాళ్లు లేచి మాట్లాడేటప్పుడు ముందు వరసలో సంఘ పెద్దలుండాలి. ఆ స్థలం మన పేరున పడేసరికి ఎవరి ప్రభుత్వం ఉంటుందో, అసలు పడుతుందో లేదో తెలియదు. సర్వే నంబరు సరిగ్గా వేశారో లేదో మాత్రం ఈ వారమే చూసుకోవచ్చు. పోయినసారి అర్జీలో ఒక అంకె తప్పు పడిందని వెనక్కి పంపారు.